చెన్నైలో ఇల్లు కొంటున్నారా? ముందు అది కట్టిన సంవత్సరం అడగండి

చెన్నైలో ఇల్లు వెతుక్కునే మన తెలుగు కుటుంబాల్లో రెండు వాదాలు నడుస్తుంటాయి. పెద్దవాళ్లు "ఆ కాలపు కట్టడాలే వేరు, ఇప్పుడు కట్టేవన్నీ పైపై మెరుగులే" అంటారు. ఓఎమ్మార్ (పాత మహాబలిపురం రోడ్డు) ఐటీ ఆఫీసుల్లో పనిచేసే పిల్లలు "లిఫ్టు లేదు, కారు పెట్టుకునే చోటు లేదు, ఆ పాత కొంప మనకెందుకు" అంటారు. రెండిట్లోనూ కొంత నిజముంది. కానీ పాత ఇళ్లన్నీ ఒకలాంటివి కావు, కొత్తవీ ఒకలాంటివి కావు. 1955లో కట్టిన ఇంటికీ 1982లో కట్టిన ఫ్లాటుకీ ఉన్న తేడా, ఆ ఫ్లాటుకీ ఇవాళ్టి ఫ్లాటుకీ ఉన్న తేడా కంటే పెద్దది.

పాత భవనాల స్లాబులు, పిల్లర్లు పరీక్షించి, మరమ్మతు చేయాలో పడగొట్టాలో చెప్పే పని నాది. ఎవరైనా ఇల్లు చూసిపెట్టమని పిలిస్తే చదరపు అడుగు ధర కంటే ముందు నేను అడిగేది అది కట్టిన సంవత్సరం. ఆ అంకె తెలిస్తే అప్పుడు సిమెంటు ఎలా దొరికేదో, ఏ రూల్ ప్రకారం స్లాబు పోశారో, భూమిలో వాటా ఎలా రాసేవారో తెలుస్తుంది. దేన్ని తట్టి చూడాలో, ఏ కాగితం అడగాలో కూడా అదే చెబుతుంది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసినప్పటి నుంచి ఇప్పటిదాకా లెక్క వేస్తే కట్టడం బలం, నీళ్ల ఏర్పాటు, కొనేవాళ్లకు చట్టం ఇచ్చే రక్షణ పెరిగాయి. గది ఎత్తు, గాలి, మన పేరు మీదికి వచ్చే నేల తగ్గిపోయాయి. ఈ రెండో వైపు గురించి మనవాళ్లు తక్కువగా ఆలోచిస్తారని నా అభిప్రాయం.

సున్నం రోజుల సొంత ఇళ్లు

యుద్ధం ముగిసేనాటికి మద్రాసులో ఇళ్ల కొరత ఎంతగా ఉందంటే అద్దెలను అదుపు చేయడానికి 1946లోనే చట్టం తేవాల్సి వచ్చింది. 1947 నుంచి సిటీ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు లేఅవుట్లు వేయడం మొదలుపెట్టింది. సీఐటీ నగర్, సీఐటీ కాలనీ అనే పేర్లలో ఆ ట్రస్టు ఇంకా బతికే ఉంది. అడయారులో గాంధీనగర్‌ను సహకార సంఘం 1940ల చివర్లో తీర్చిదిద్దింది. 1961లో ట్రస్టు స్థానంలో తమిళనాడు హౌసింగ్ బోర్డు వచ్చింది. 1968 ప్రపంచ వాణిజ్య ప్రదర్శన జరిగిన చోటు చుట్టూ అణ్ణా నగర్ లేచింది. టీ నగర్‌లో పానగల్ పార్కు చుట్టుపక్కల అప్పటికే స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉండేవి.

ఇంటి రుణం అనే మాట అప్పటికి మధ్యతరగతికి కొత్త. హెచ్‌డీఎఫ్‌సీ పుట్టిందే 1977లో. అంచేత స్థలం ఒకసారి, పునాది ఒకసారి, పైకప్పు చేతిలో డబ్బు ఆడినప్పుడు. నెమ్మదిగా కట్టడం వల్ల గోడలు బాగా ఆరేవి, దగ్గరుండి చూసుకునే యజమాని ఉండేవాడు. పెద్దవాళ్లు మెచ్చుకునే గట్టితనంలో సగం ఈ తీరికదే.

ఈ ఇళ్లలో రెండు రకాల పైకప్పులు కనిపిస్తాయి. ఒకటి మద్రాస్ టెర్రస్. టేకు దూలాల మీద సన్నటి ఇటుకల్ని నిలువుగా, ఏటవాలు వరసల్లో డంగు సున్నంతో పేరుస్తారు. దాని మీద ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు వేసి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు చల్లుతూ చెక్క బద్దలతో రోజుల తరబడి కొడతారు. చివర్లో పలకలు పరుస్తారు. మే నెల మధ్యాహ్నం అలాంటి గదిలో కూర్చుంటే తేడా ఒంటికి తెలుస్తుంది. మందమైన గోడలు, పదకొండు పన్నెండు అడుగుల ఎత్తు, పైన గాలి కంతలు. రెండో రకం పైకప్పు తొలితరం ఆర్‌సీసీ. నున్నటి ఇనుప చువ్వలతో, చేత్తో కలిపిన కాంక్రీటుతో పోసింది.

మద్రాస్ టెర్రస్ ఇల్లు చూడ్డానికి వెళ్తే దూలం మధ్యలో కాక, గోడలోకి దూరే చివర చూడండి. వాన నీళ్లు చేరేది అక్కడే, చెద మొదలయ్యేదీ అక్కడే. పురసవాక్కంలో ఒక ఇంట్లో దూలాలన్నీ పాలిష్ పెట్టి మెరుస్తున్నాయి. గోడ అంచున స్క్రూడ్రైవర్ మొనతో కాస్త నొక్కితే కొనంతా మెత్తగా లోపలికి దిగిపోయింది. అక్కడ దూలం గోడ మీద ఆనడం మానేసి చాలాకాలమైంది, పైనున్న సున్నపు పొర బిగువు మీదే కప్పు నిలబడి ఉంది. పిట్టగోడ పగుళ్లలో రావి మొక్క కనిపిస్తే పీకేసి ఊరుకోకూడదు, దాని వేరు ఎంత దూరం పోయిందో చూడాలి. ఇలాంటి ఇళ్లను సిమెంటు ప్లాస్టరింగ్‌తో బాగుచేయించడం ఇంకో పొరపాటు. సున్నపు గోడ తేమను పీల్చుకుని మళ్లీ వదులుతుంది. దాని మీద సిమెంటు పూత పూస్తే తేమ లోపలే ఉండిపోయి గోడ పొడిపొడిగా రాలుతుంది. సున్నపు పని తెలిసిన మేస్త్రీని వెతుక్కోవాలి, దొరకడం కష్టమే అయినా.

కరెంటు వైరింగ్, పైపులు మొత్తం మార్చాల్సిందేనని లెక్కలో రాసుకోండి. ఎర్త్ వైరు లేని ఇళ్లు ఇప్పటికీ కనిపిస్తున్నాయి. ఏసీలు, గీజర్లు ఆ పాత తీగల మీద నడపడం ప్రమాదం.

ఎవరికి మంచిది ఇది? నేల కోసం కొనేవాళ్లకు. కొన్నేళ్లు ఉండి తర్వాత సొంతంగా కట్టుకోవాలనుకునేవాళ్లకు. లేదా పాత ఇంటి మీద ప్రేమ ఉండి, ఏటా దాని మీద ఖర్చు పెట్టగలిగినవాళ్లకు. బ్యాంకు రుణం మీదే ఆధారపడేవాళ్లు ముందే బ్యాంకులో మాట్లాడుకోవాలి. ఇంత పాత కట్టడానికి విలువ కట్టడానికి చాలా బ్యాంకులు వెనకాడతాయి.

సిమెంటు కరువు నాటి ఫ్లాట్లు

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే నగరం నడిబొడ్డున, మన బడ్జెట్‌కి అందుతున్నట్టు కనిపించేవి ఎక్కువగా ఇవే. 1970ల నుంచి 1990ల దాకా వచ్చిన హౌసింగ్ బోర్డు బ్లాకులు, మూడంతస్తుల ప్రైవేటు ఫ్లాట్లు. అశోక్ నగర్, కేకే నగర్, కోడంబాక్కం, నుంగంబాక్కం సందుల్లో ఎటు చూసినా ఉంటాయి.

అప్పట్లో సిమెంటు ప్రభుత్వ అదుపులో ఉండేది. పర్మిట్ ఉంటేనే బస్తా. 1982లో సగం సడలించారు, 1989లో పూర్తిగా ఎత్తేశారు. కరువున్న సరుకును ఎవరైనా పొదుపుగానే వాడతారు. నియమాలు కూడా అప్పుడు మెత్తగానే ఉండేవి. కాంక్రీటు పనికి దేశమంతా పాటించే ఐఎస్ 456 ప్రమాణం 1978 కూర్పు ప్రకారం ఆర్‌సీసీకి కనీసం ఎం15 కాంక్రీటు (అంకె పెరిగేకొద్దీ బలం ఎక్కువ) చాలు. 2000 కూర్పులో అది ఎం20 అయింది. కడ్డీని కప్పి ఉంచే కాంక్రీటు మందం, అదే మేస్త్రీలు కవరింగ్ అనేది, పాత లెక్కలో స్లాబుకు 15 మిల్లీమీటర్లే. కొత్త ప్రమాణంలో భవనం ఎలాంటి వాతావరణంలో ఉందో చూసి ఆ మందం పెంచారు. సముద్రపు గాలి తగిలే ఊళ్లో ఈ మార్పు విలువ ఎంతో వేరే చెప్పక్కర్లేదు.

కాంక్రీటుకు సహజంగా క్షారగుణం ఉంటుంది. అదున్నంత కాలం లోపలి ఇనుము తుప్పు పట్టదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి మెల్లగా లోపలికి ఇంకుతూ ఆ గుణాన్ని తినేస్తుంది. బెసంట్ నగర్ లాంటి చోట్ల ఉప్పు గాలి తోడవుతుంది. కట్టేటప్పుడు ఉప్పు బోరు నీళ్లు వాడితే లోపలి నుంచే మొదలవుతుంది. తుప్పు పట్టిన ఇనుము ముందున్నదానికంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు అడుగుతుంది, కవరింగ్‌ను కిందికి నెట్టేస్తుంది. బాత్రూం పైకప్పులో, సజ్జల అడుగున, బాల్కనీ అంచున పెచ్చులు ఊడేది అందుకే.

అశోక్ నగర్‌లో 1980ల తొలినాళ్ల ఫ్లాటు ఒకటి చూడ్డానికి వెళ్లాను. పై అంతస్తు. ఇంటావిడ పాపం విసిగిపోయి ఉన్నారు. "బాబూ, కిందటి దీపావళికి కూడా పుట్టీ పెట్టి రంగు వేయించాం, మళ్లీ అదే చోట రాలింది" అన్నారు. బాత్రూం బీము మూల చిన్న సుత్తితో కొద్దిగా చెక్కి ఫినాఫ్తలీన్ ద్రావణం పిచికారీ చేశాను. బాగున్న కాంక్రీటు ఆ ద్రావణం తగలగానే ముదురు గులాబీ రంగుకు తిరుగుతుంది. అక్కడ అంచు నుంచి అంగుళం లోతు దాకా ఏ రంగూ రాలేదు, బూడిద రంగులోనే ఉండిపోయింది. ఆ లోపల సన్నటి గులాబీ గీత. కడ్డీ ఉన్నది బూడిద భాగంలో. దాన్ని వేలితో గీరితే పొరలు పొరలుగా వచ్చింది. "అమ్మా, ఇది పుట్టీతో పోయేది కాదు" అని చెప్పాను. పాత కాంక్రీటు చెక్కేసి, కడ్డీకి తుప్పు తీసి, అవసరమైన చోట కొత్త కడ్డీ కట్టి, పాలిమర్ మోర్టార్ పెట్టాలి. ఒక ఫ్లాటులో చేస్తే సరిపోదు, నిలువునా అందరి బాత్రూంలూ ఒక వరసలో ఉంటాయి కాబట్టి అందరూ కలిసి రావాలి.

కొనేవాళ్లు ఇంత పరీక్ష సొంతంగా చేయలేరు. కానీ కొన్ని పనులు చేయొచ్చు. పైకప్పును, బీముల అడుగును కర్రతో తట్టండి. బోలు మోత వస్తే లోపల పొర విడిపోయింది. ఏదో ఒక్క గది మాత్రమే కొత్త రంగుతో మెరుస్తుంటే అనుమానించండి. మెట్ల కింద, మీటర్ బోర్డు గదిలో, టెర్రస్ మీది నీళ్ల ట్యాంకు అడుగున చూడండి, ఆ చోట్ల ఎవరూ రంగు వేయించరు కాబట్టి నిజం కనిపిస్తుంది. ఇష్టపడితే అడ్వాన్సు ఇచ్చే ముందు స్ట్రక్చరల్ ఇంజనీరుతో రిబౌండ్ హ్యామర్, అల్ట్రాసోనిక్ పరీక్షలు చేయించండి. ఫ్లాటు ధరలో ఆ ఫీజు ఏ మూలకీ రాదు. అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే అదే సమాధానం.

పగుళ్లను తేలిగ్గా తీసుకోవద్దు. 2021 డిసెంబరులో తిరువొత్తియూరులో స్లమ్ క్లియరెన్స్ బోర్డు కట్టిన బ్లాకు ఒకటి కూలిపోయింది. దాని వయసు ముప్పై ఏళ్లు కూడా లేదు. పగుళ్లు గమనించి అంతకుముందే జనాన్ని బయటికి పంపబట్టి ప్రాణాలు దక్కాయి.

మరి ఇన్ని చెప్పాక ఈ ఫ్లాట్లు ఎందుకు కొనాలి? భూమి కోసం. చెన్నైలో ఫ్లాటు కొనేవాళ్లందరి నోటా వినిపించే యూడీఎస్, అంటే స్థలంలో మనకు రాసిచ్చే విడదీయని వాటా, ఈ పాత ఫ్లాట్లకు బాగా ఎక్కువ. ఒక గ్రౌండు, అంటే 2,400 చదరపు అడుగుల స్థలం తీసుకుని ఉజ్జాయింపుగా లెక్క వేద్దాం. ఎఫ్ఎస్ఐ, అంటే స్థలానికి ఎన్ని రెట్ల వైశాల్యం కట్టొచ్చో చెప్పే అంకె, 1.5 ఉన్న రోజుల్లో దాని మీద 3,600 అడుగులు కట్టనిచ్చేవారు. 1,200 అడుగుల ఫ్లాట్లు మూడు, ఒక్కోదానికి 800 అడుగుల నేల. 2019 కొత్త నియమాల్లో మామూలు భవనాలకు ఎఫ్ఎస్ఐ 2 అయింది. ఫ్లాట్లు నాలుగు, ఒక్కోదానికి నేల 600. బహుళ అంతస్తుల భవనాలకు 3.25, అక్కడ అదే ఫ్లాటుకు 370 అడుగుల దగ్గర తేలుతుంది. ప్రీమియం కట్టి ఎఫ్ఎస్ఐ పెంచుకుంటే ఇంకా తగ్గుతుంది.

కట్టడం ఏటేటా పాతబడుతుంది, విలువ పెరిగేది నేలకే. పైగా ఎఫ్ఎస్ఐ పెరిగిన తర్వాత పాత బ్లాకు పడగొట్టి కొత్తది కట్టడానికి బిల్డర్లు ముందుకొస్తున్నారు. పాతవాళ్లకు పెద్ద ఫ్లాటు ఇచ్చి, మిగిలినవి అమ్ముకుంటారు. 1994 నాటి అపార్టుమెంటు యాజమాన్య చట్టం స్థానంలో వచ్చిన 2022 చట్టం ప్రకారం దీనికి మూడింట రెండొంతుల యజమానులు ఒప్పుకుంటే చాలు. ఒక్కరు అడ్డం తిరిగితే ఆగిపోయే రోజులు పోయాయి. కాబట్టి ఇలాంటి ఫ్లాటు కొనేముందు అసోసియేషన్ సెక్రటరీతో కూర్చుని మాట్లాడండి. మరమ్మతుల నిధి ఉందా, రీడెవలప్‌మెంట్ మాట వచ్చిందా, ఎవరెవరికి ఎంతెంత యూడీఎస్ ఉంది, అందరివీ కలిపితే మొత్తం స్థలానికి సరిపోతోందా? హౌసింగ్ బోర్డు ఫ్లాటయితే మొదటి కేటాయింపుదారు బోర్డు నుంచి సేల్ డీడ్ తీసుకున్నాడా లేదా అన్నది తప్పనిసరిగా చూడాలి. అలాట్‌మెంట్ కాగితం మీదే చేతులు మారుతూ వచ్చినవి ఉంటాయి. అలాంటివి ఎంత చవగ్గా వచ్చినా నేను వద్దనే చెబుతాను.

2004 అనే గీత

నా వరకు నేను చెన్నై ఫ్లాట్లను 2004కి ముందు, తర్వాత అని విడదీస్తాను. కారణాలు మూడు.

మొదటిది పైన చెప్పిన ఐఎస్ 456 కొత్త కూర్పు, 2000లో. రెండోది భూకంపం. 2001 జనవరిలో భుజ్ భూకంపం వచ్చినప్పుడు, అంత దూరంలో ఉన్న అహ్మదాబాదులో కూడా కింద పార్కింగ్ కోసం ఖాళీగా పిల్లర్లు మాత్రమే వదిలి పైన ఫ్లాట్లు కట్టిన భవనాలు చాలా కూలాయి. మరుసటి ఏడు భూకంపాలను తట్టుకునే డిజైన్‌కి సంబంధించిన ఐఎస్ 1893 ప్రమాణాన్ని సవరించినప్పుడు చెన్నైని ప్రమాదం తక్కువున్న రెండో జోన్ నుంచి మూడో జోన్‌కి మార్చారు. అలా ఖాళీగా వదిలే కింది అంతస్తు పిల్లర్లు, బీముల్ని మామూలు లెక్కకు రెండున్నర రెట్ల బలానికి డిజైన్ చేయమన్నారు. మూడోది 2003లో తమిళనాడు ప్రతి భవనానికీ వాన నీటి ఇంకుడు ఏర్పాటు తప్పనిసరి చేయడం. రూల్ పుస్తకంలోకి వచ్చాక డ్రాయింగుల్లోకి దిగడానికి ఏడాది రెండేళ్లు పడుతుంది. అందుకే 2004 తర్వాత పర్మిషన్ వచ్చిన భవనం అనేది నా హద్దు.

కింద స్టిల్ట్ పార్కింగ్, పైన మూడు అంతస్తులు, ఎనిమిది పది కుటుంబాలు. 2004 నుంచి 2015 మధ్య కట్టిన ఇలాంటి భవనం, అదీ వలసరవాక్కం, సాలిగ్రామం, మడిపాక్కం, పెరంబూరు లాంటి చోట, సగటు ఉద్యోగి కుటుంబానికి ఎక్కువ విధాల సరిపోతుందని నా గట్టి అభిప్రాయం. యూడీఎస్ కట్టిన వైశాల్యంలో సగానికి తగ్గదు. లిఫ్టు సాధారణంగా ఉంటుంది. నెల నెలా మెయింటెనెన్స్ భరించగలిగేలా ఉంటుంది. పదేళ్లు పైబడ్డ ఇల్లు కాబట్టి కారేది ఇప్పటికే కారి ఉంటుంది, దాచినా మరక దొరికిపోతుంది. పక్కింటివాళ్లను అడిగితే అన్నీ చెబుతారు.

దీనికీ లోపం ఉంది. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం ఉండే గదికి కనీస ఎత్తు 2.75 మీటర్లు, కనీస వైశాల్యం ఇంట్లో ఒక గదికైనా 9.5 చదరపు మీటర్లు, అంటే 102 చదరపు అడుగుల చిల్లర. కనీసం అన్న అంకె చాలామంది బిల్డర్ల చేతిలో గరిష్ఠం అయి కూర్చుంది. తొమ్మిది అడుగుల ఎత్తులో ఫ్యాను, దాని పైన ఎండ కాచే స్లాబు. పై అంతస్తు ఫ్లాటయితే ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మూడింటికి వెళ్లి పడకగదిలో పది నిమిషాలు నిలబడండి. టెర్రస్ మీద కూలింగ్ టైల్స్ ఉన్నాయా చూడండి. పక్క భవనం గోడకూ మన కిటికీకీ మధ్య ఎంత సందు ఉందో చేత్తో కొలవండి. ప్లానులో రాసిన ఖాళీ స్థలం సైటు మీద కనిపించకపోవడం ఈ ఊళ్లో చాలా మామూలు. పాత ఇళ్లలో ఉచితంగా వచ్చిన గాలిని ఇప్పుడు కరెంటు బిల్లులో కొనుక్కుంటున్నాం.

ప్లాను మాట వచ్చింది కాబట్టి, సీఎండీఏ (చెన్నై మహానగర అభివృద్ధి సంస్థ) లేదా కార్పొరేషన్ ఆమోదించిన డ్రాయింగు చేతిలో పట్టుకుని అంతస్తులు లెక్కపెట్టండి. డ్రాయింగులో రెండు ఉండి ఎదురుగా మూడు కనబడితే పై అంతస్తు ఫ్లాటు జోలికి పోవద్దు.

రెరా కాలపు టవర్లు

ప్రమాణాలు కాగితం మీద ఉండటం వేరు, కట్టేచోట ఉండటం వేరు. 2014 జూన్ 28న పోరూరు దగ్గర మౌలివాక్కంలో కడుతున్న పదకొండు అంతస్తుల భవనం వానలో కుప్పకూలింది. 61 మంది చనిపోయారు. వాళ్లలో విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చిన మన కూలీలు ఎందరో ఉన్నారు. కొత్త టవర్ చూడ్డానికి వెళ్లి షో ఫ్లాట్ సోఫాలు చూసి మురిసేవాళ్లను చూస్తే నాకు ఆ శిథిలాలు గుర్తొస్తాయి. అప్పటికే మంచి ప్రమాణాలన్నీ అమల్లో ఉన్నాయి మరి. అందుకే మట్టి పరీక్ష రిపోర్టు, స్ట్రక్చరల్ డ్రాయింగుల మీద ఎవరి సంతకం ఉంది, ఆ డిజైన్‌ను వేరే ఇంజనీరు ఎవరైనా సరిచూశారా అని మొహమాటం లేకుండా అడగండి. పెద్ద బిల్డర్లు చూపిస్తారు. అడిగేవాళ్లు తక్కువ కాబట్టి వాళ్లే ఆశ్చర్యపోతారు.

రెరా, అంటే స్థిరాస్తి అమ్మకాల్ని నియంత్రించే చట్టం, 2016లో వచ్చి, 2017 నుంచి తమిళనాడులో పని మొదలుపెట్టాక కొనేవాడికి నిజంగానే బలం వచ్చింది. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిది దాటినా ప్రాజెక్టు రిజిస్టర్ చేయాలి. మన దగ్గర తీసుకున్న డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు ఖాతాలోనే ఉండాలి. ఇల్లు అప్పగించిన అయిదేళ్లలోపు కట్టడంలో లోపం బయటపడితే బిల్డరే సొంత ఖర్చుతో సరిచేయాలి. అమ్మకం కార్పెట్ ఏరియా, అంటే ఫ్లాటు లోపల వాడుకునే వైశాల్యం మీద జరగాలి. సేల్స్ కుర్రాళ్లు మాత్రం గోడలు, మెట్లు, లాబీ వాటా కూడా కలిపిన సూపర్ బిల్టప్ అంకే ఇంకా ముందు చెబుతారు. మీరు కార్పెట్ ఏరియాతో ధరను భాగించి, ఆ అంకెతోనే పాత ఫ్లాటుతో పోల్చుకోండి. యూడీఎస్ ఎంతో విడిగా రాయించుకోండి. చాలామంది ఈ రెండు లెక్కలు వేశాక మనసు మార్చుకోవడం చూశాను.

కడుతున్న ఫ్లాటుకు జీఎస్టీ 5 శాతం, చౌక ఇళ్ల కోవలోకి వస్తే 1 శాతం. కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చాక కొంటే జీఎస్టీ లేదు. తొందర లేనివాళ్లు పూర్తయినదాకా ఆగడమే మేలు.

నీళ్ల సంగతి టవర్ల దగ్గర మరీ ముఖ్యం. నగరం పాత భాగానికి మెట్రో వాటర్ గొట్టాలున్నాయి. 1983 ఒప్పందంతో మొదలై 1996లో చేరిన మన కృష్ణా నీళ్లు కూడా పూండి జలాశయం మీదుగా వాటిలో కలుస్తాయి. ఓఎమ్మార్ వెంబడి, ఊరి చివర లేచిన కాంప్లెక్సులు చాలావరకు బోర్లు, ట్యాంకర్ల మీదే బతుకుతాయి. 2019 వేసవిలో ఆ ట్యాంకర్ల కోసం ఎంత టెన్షన్ పడ్డారో అక్కడున్నవాళ్లను అడగండి. ఏ కాలంలో కొన్నా సరే, కట్టిన ఇంకుడు గుంత మూత తీయించి చూడండి. సిమెంటు మూత కింద మట్టి నిండిపోయి ఉండటమే ఎక్కువ.

వరద విషయంలో కట్టిన సంవత్సరం కాదు, నేల చరిత్ర చూడాలి. 2015 డిసెంబరులో అడయారు నది పొంగినప్పుడు కోట్టూర్‌పురం హౌసింగ్ బోర్డు ఇళ్లు, ముడిచూరు మునిగాయి. 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానుకు వేళచ్చేరి, పళ్లికరణై. చిత్తడి నేల మీద కట్టిన టవర్లో పదో అంతస్తులో ఉన్నా కరెంటు గది, పంపులు, కారు కిందే ఉంటాయి. గోడల మీద నీటి గీతలు రంగుతో పోతాయి, కాపలా మనిషి జ్ఞాపకం పోదు. అతన్ని అడగండి.

ఎవరికి ఏది

ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్తూ, బడి వయసు పిల్లలున్న కుటుంబానికి నా సలహా 2004 తర్వాతి చిన్న భవనం. ఆఫీసు ఓఎమ్మార్ మీది సిరుచేరి వైపే ఉండి, రోజూ మూడు గంటల ప్రయాణం తప్పించుకోవాలంటే రెరా టవర్ తీసుకోండి. కానీ దాన్ని ఉండటానికి కొన్న ఇల్లుగానే చూడండి, నేల ధరలతో పాటు పెరుగుతుందని ఆశ పెట్టుకోవద్దు. ఊరి నుంచి అమ్మానాన్నల్ని తెచ్చి పెట్టుకోవాలంటే లిఫ్టు ఉండాలి, లేదా కింది అంతస్తు కావాలి. పాత హౌసింగ్ బోర్డు బ్లాకుల్లో మెట్లు ఇరుకు, స్ట్రెచర్ తిరగదు. ఇది స్వయంగా కొలిచి చూడాల్సిన విషయం. చేతిలో కొంత డబ్బుండి, అయిదారేళ్లు ఆగగలిగినవాళ్లు 1980ల ఫ్లాటుని యూడీఎస్ ధరకే బేరమాడి కొనొచ్చు. కట్టడానికి ఒక్క రూపాయి కూడా విలువ వేయకండి, మరమ్మతు ఖర్చు అందులోంచి తీసేయండి.

పాత సొంత ఇల్లు కొని కొత్తగా కట్టుకునేవాళ్లకు ఒక్క మాట. మీరు యజమాని కాబట్టి నియమంలోని కనీసాలతో సరిపెట్టుకోవాల్సిన అవసరం లేదు. ఎత్తు పదిన్నర అడుగులకు పెంచినా గోడల ఖర్చు పెరిగేది కొద్దిగానే. కిటికీలు ఎదురెదురుగా పెట్టించండి, పడమటి గోడకు లోతైన సజ్జలు పోయించండి. పడగొట్టేటప్పుడు టేకు దూలాలు, తలుపులు పాత సామాన్ల వ్యాపారికి ఊరికే ఇచ్చేయకండి, డెమాలిషన్ కాంట్రాక్టు రాసుకునేటప్పుడే ఆ కలప మీదేనని రాయించుకోండి.